ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తికి ఏ స్టీల్ మంచిది? ముందు మీ పాత కత్తి ఎలా పాడైందో చూడండి

వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ తీరం వైపు అక్టోబరులో వాన పట్టిందంటే వదలదు. రెండేళ్ల కిందట ఆ నెలలోనే నాలుగు కుటుంబాల వాళ్లం కలిసి అక్కడికి క్యాంపింగ్‌కి వెళ్లాం. కారులో తెచ్చుకున్న కట్టెలు కూడా రాత్రికి తడిసిపోయాయి. తడి కట్టె అంటుకోవాలంటే దాన్ని నిలువునా చీల్చి లోపలి పొడి చెక్కను బయటికి తీయాలి. నా దగ్గర కొత్త కత్తి ఉంది, 200 డాలర్లకు పైనే పెట్టి కొన్నది. బ్లేడును కట్టె తల మీద ఆనించి, ఇంకో కర్రతో దాని వెన్ను మీద కొడుతూ కిందికి దించుతున్నాను. మూడో కట్టెలో కణుపు తగిలింది. దెబ్బకు కత్తి కాస్త పక్కకు తిరిగింది, టిక్కుమని చిన్న చప్పుడైంది. టార్చి వెలుగులో చూస్తే అంచులో రెండు గంట్లు, గోటితో నొక్కిన నెలవంకల్లా. మిగతా కట్టెలన్నీ మా బావ తెచ్చిన 20 డాలర్ల స్వీడిష్ కత్తే చీల్చింది. దాని అంచుకు ఏమీ కాలేదు.

తప్పు ఆ కత్తిది కాదు. ఆ స్టీల్ ఏ పని కోసం తయారైందో చూడకుండా, పదును ఎక్కువ రోజులు నిలుస్తుందన్న ఒక్క మాట పట్టుకుని కొన్నది నేను. ఆ తర్వాత ఈ విషయం మీద చాలా చదివాను, రకరకాల కత్తులు వాడి చూశాను, మన ఊళ్లో నాన్న చేత కూడా వాడించాను. మంచి స్టీల్‌తో చేసిన ఫిక్స్‌డ్ బ్లేడు, అంటే మడత పడని కత్తి, కొనాలనుకునేవాళ్లకు ఆ అనుభవం పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అంచు నాలుగు రకాలుగా పాడవుతుంది

ఏ కత్తి కొనమంటారని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఇంతకుముందున్న కత్తి ఎలా పాడైంది? కొంతమంది కత్తుల అంచు కోసి కోసి మెల్లగా అరిగి మొద్దుబారుతుంది. కొందరివి మెత్తని స్టీల్ కావడంతో అంచు ఒక పక్కకు మడత పడుతుంది. కొందరివి నా కత్తిలా చిట్లుతాయి. కొందరివి వాడకుండానే ఒరలో తుప్పు పట్టిపోతాయి. ఈ నాలుగింటికీ నాలుగు వేరు వేరు మందులు. అరుగుతుంటే రాపిడికి ఆగే స్టీల్ కావాలి. మడత పడుతుంటే ఇంకా గట్టిపరచిన బ్లేడు కావాలి. చిట్లుతుంటే దెబ్బను ఓర్చుకునే స్టీల్ కావాలి. తుప్పు పడుతుంటే నిజమైన స్టెయిన్‌లెస్ కావాలి. ఒక గుణం పెంచితే ఇంకో గుణం ఎంతో కొంత తగ్గుతుంది. నాలుగూ పూర్తిగా ఉన్న స్టీల్ ఇంతవరకు లేదు.

జేబులో పెట్టుకునే మడత కత్తితో మనం అట్టపెట్టెలు, తాళ్లు, పండ్లు కోస్తాం. దాని వెన్ను మీద ఎవరూ కర్రతో కొట్టరు. కాబట్టి దానికి రాపిడికి ఆగే గుణం ముఖ్యం. ఫిక్స్‌డ్ బ్లేడు సంగతి అలా కాదు. కట్టె చీల్చడం, కొమ్మలు నరకడం, కీళ్ల దగ్గర మాంసం విడదీయడం, కొబ్బరి పీచు తీయడం లాంటి పనులకే దాన్ని కొంటాం. అందుకే నా లెక్కలో ఫిక్స్‌డ్ బ్లేడుకు మొదట దెబ్బను ఓర్చుకునే గుణం, తర్వాత తుప్పు పట్టకపోవడం, ఆ తర్వాతే పదును నిలవడం. అమ్మేవాళ్లు మాత్రం దాదాపు ఎప్పుడూ ఈ మూడోదాన్నే ముందు పెట్టి చెప్తారు. నేను మోసపోయింది అక్కడే.

పల్లీపట్టీ, నువ్వులపట్టీ

స్టీల్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే ఈ పేర్లూ నంబర్లూ భయపెట్టవు. కత్తి స్టీల్‌ని మైక్రోస్కోప్ కింద పెడితే పల్లీపట్టీ ముక్క లాంటిది కనిపిస్తుంది. పాకం ఉన్నచోట ఇనుము ఉంటుంది. పల్లీలు ఉన్నచోట కార్బైడ్లు ఉంటాయి. కార్బన్‌తో క్రోమియం, వెనేడియం లాంటి లోహాలు కలిసి ఏర్పడిన చాలా గట్టి రేణువులివి. ఇవి ఎంత ఎక్కువుంటే అంచు అంత నెమ్మదిగా అరుగుతుంది. కానీ పల్లీపట్టీని విరిచినప్పుడు చూడండి, పగులు ఎప్పుడూ పల్లీ పక్క నుంచే వెళ్తుంది. కత్తి అంచులోనూ అంతే. పగులు కార్బైడ్ దగ్గర మొదలవుతుంది, కార్బైడ్ పెద్దదైతే ఇంకా తేలిగ్గా మొదలవుతుంది.

స్టీల్‌ని కరిగించి పెద్ద దిమ్మెలుగా పోస్తే అది మెల్లగా చల్లారుతుంది. ఆ సమయంలో కార్బైడ్లు పెద్దవిగా పెరుగుతాయి. డీ2 అనే స్టీల్ అలాంటిదే. అందులో దాదాపు 1.5 శాతం కార్బన్, 12 శాతం క్రోమియం ఉంటాయి. పదును బాగా నిలుస్తుంది గానీ సన్నటి అంచు పెట్టి దెబ్బ వేస్తే చిట్లుతుంది. 1970లలో దీనికి కొత్త దారి దొరికింది. కరిగిన స్టీల్ సన్నటి ధారగా పడుతుంటే దాని మీదికి నైట్రోజన్ వాయువును బలంగా కొట్టి పొడిపొడి చేస్తారు. ప్రతి రేణువూ క్షణంలో గడ్డకడుతుంది కాబట్టి కార్బైడ్లకు పెరిగే సమయం ఉండదు. ఆ పొడిని డబ్బాల్లో నింపి, విపరీతమైన వేడి, ఒత్తిడి పెట్టి మళ్లీ ఒకే ముద్దగా చేస్తారు. అప్పుడు వచ్చేది నువ్వులపట్టీ. ఈ రోజు ప్రీమియం స్టీల్ అని అమ్మే వాటిలో ఎక్కువ భాగం ఈ పౌడర్ స్టీల్సే.

కొన్ని స్టీల్ పేర్ల ముందు సీపీఎం అని కనిపిస్తుంది. అది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పనిచేసిన క్రూసిబుల్ కంపెనీ గుర్తు. క్రూసిబుల్ అంటే మన మూస. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం గుర్తొస్తుంది. కొన్ని వందల ఏళ్ల కిందట అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు కరిగించి పర్షియా దాకా పంపారు. డమాస్కస్ కత్తులకు వాడిన ఉక్కు ఈ కోవదే. మన ‘ఉక్కు’ అన్న మాట నుంచే ఇంగ్లిష్‌లో ‘వూట్జ్’ వచ్చిందని చెప్తారు. ఆ పాత బ్లేడుల మీద కనిపించే నీటి అలల్లాంటి గీతలు వరుసలు కట్టిన కార్బైడ్లే. అలా వరుసలు కట్టడానికి ఖనిజంలో అతి కొద్దిగా ఉన్న వెనేడియం లాంటి లోహాలు కారణమని 1998లో అమెరికన్ పరిశోధకులు వెర్హోవెన్, పెండ్రే బృందం చూపించింది. ఇప్పటి ప్రీమియం స్టీల్స్‌లో కావాలని కలిపేదీ ఆ వెనేడియాన్నే. ఇక క్రూసిబుల్ కంపెనీ 2024 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆ స్టీల్స్ పేర్లూ హక్కులూ ఎరాస్టీల్ అనే యూరప్ కంపెనీకి వెళ్లాయి. కాబట్టి సీపీఎం అన్న ముద్ర చూసి ‘ఇక దొరకదేమో’ అని హడావుడిగా రెట్టింపు ధర పెట్టి కొనకండి.

పౌడర్ స్టీల్ అయినంత మాత్రాన దెబ్బకు ఆగుతుందని కూడా అనుకోవద్దు. నువ్వులు మరీ ఎక్కువైతే నువ్వులపట్టీ కూడా పొడిపొడిగా రాలిపోతుంది. ఆ రాత్రి నేను కణుపు మీద కొట్టింది అలాంటి స్టీల్‌నే.

అసలు పోటీ: 3వీ, మాగ్నాకట్

ఫిక్స్‌డ్ బ్లేడు వరకు నా దృష్టిలో తేల్చుకోవాల్సింది ఈ రెండు స్టీల్స్ మధ్యే.

సీపీఎం 3వీ మొదట ఫ్యాక్టరీల్లో లోహాన్ని కోసి ఆకారమిచ్చే పంచ్‌లు, డైల కోసం చేసిన టూల్ స్టీల్. 0.8 శాతం కార్బన్, 7.5 శాతం క్రోమియం, 2.75 శాతం వెనేడియం. కార్బైడ్లు తక్కువ, అవి కూడా చిన్నవి. అందుకే కత్తులకు వాడే పౌడర్ స్టీల్స్‌లో దెబ్బను ఓర్చుకోవడంలో ఇది ముందు వరసలో ఉంటుంది. 6, 7 అంగుళాల బ్లేడుతో కొమ్మలు నరకాలన్నా, కట్టె చీల్చాలన్నా నేను కళ్లు మూసుకుని చెప్పేది దీని పేరే. అంచు పాడైనా చిట్లడం అరుదు, కాస్త మడత పడుతుంది. మడత పడిన దాన్ని రాయి మీద నాలుగు సార్లు లాగితే సరిపోతుంది. అదే గంటు పడితే చుట్టూ ఉన్న లోహమంతా అరగదీయాలి.

3వీ లోపం తుప్పు. 7.5 శాతం క్రోమియం స్టెయిన్‌లెస్ అనిపించుకోవడానికి చాలదు. మామూలు కార్బన్ స్టీల్ కంటే నెమ్మదిగానే తుప్పు పడుతుంది గానీ, పడ్డప్పుడు చుక్కలు చుక్కలుగా లోపలికి దిగుతుంది. ఇది నాన్న దగ్గర చూశాను. మాది కోనసీమ. కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది. కోకో కాయలు కోయడానికి, అరటి ఆకులు తీయడానికి పనికొస్తుందని నేను ఒక 3వీ కత్తి పట్టుకెళ్లి ఇచ్చాను. నాన్న దాన్ని అపురూపంగా చూసుకున్నాడు. వాడిన ప్రతిసారీ కడిగి, తుడిచి, దానితో వచ్చిన తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచేవాడు. శ్రావణం, భాద్రపదం గడిచాక తీసి చూస్తే ఒర తాకిన చోటల్లా గోధుమరంగు చుక్కలు. పైపైన రుద్దితే రంగు పోయింది గానీ సూదిమొనతో గుచ్చినట్టు గుంటలు మిగిలిపోయాయి. తోలు తేమ పీలుస్తుంది, తోలును శుద్ధి చేసినప్పటి రసాయనాలు కూడా అందులో కొంత ఉండిపోతాయి. దానికి సముద్రపు గాలి తోడైంది. అసలు ఏ జాగ్రత్తా లేకుండా దూలానికి గుచ్చి ఉంచిన పాత మచ్చుకత్తి దీనికంటే బాగుంది, ఎందుకంటే దానికి గాలి తగులుతోంది.

మాగ్నాకట్ ఈ ఇబ్బందిని తీర్చడానికే వచ్చింది. దీన్ని రూపొందించిన లారిన్ థామస్ లోహ శాస్త్రవేత్త. ఆయన తండ్రి డెవిన్ థామస్ డమాస్కస్ స్టీల్ చేయడంలో పేరున్న కమ్మరి. 2021లో ఇది మార్కెట్‌లోకి వచ్చింది. దీని కిటుకు నాకు చాలా నచ్చింది. మామూలుగా స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 13, 14 శాతం, కొన్నింటిలో 20 శాతం దాకా క్రోమియం పోస్తారు. కానీ అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా మారిపోతుంది. అలా మారిన క్రోమియం తుప్పును ఆపలేదు, పైగా ఆ కార్బైడ్లు పెద్దవిగా ఉండి అంచును పెళుసుగా చేస్తాయి. మాగ్నాకట్‌లో క్రోమియం 10.7 శాతమే. కానీ గట్టిపరిచాక అందులో క్రోమియం కార్బైడ్లు మిగలవు. ఉన్నవన్నీ వెనేడియం, నియోబియం కార్బైడ్లే, చాలా చిన్నవి. క్రోమియం అంతా ఇనుములో కలిసి తుప్పును ఆపే పనిలోనే ఉంటుంది. అందుకే దీనికి తుప్పు పట్టకపోవడంలో 20 శాతం క్రోమియం ఉన్న స్టీల్స్ కంటే మంచి పేరుంది, దెబ్బను ఓర్చుకోవడంలో చాలా స్టెయిన్‌లెస్ స్టీల్స్ కంటే ముందుంది.

మరి రెండింటిలో ఏది? బ్లేడు 5 అంగుళాల లోపు ఉండి, మీరుండేది తీరప్రాంతమో వాన ప్రాంతమో అయితే మాగ్నాకట్. బ్లేడు అంతకంటే పెద్దదై, నరకడమే ముఖ్యమైన పనైతే 3వీ. ఎందుకంటే దెబ్బను ఓర్చుకోవడంలో 3వీ ఇప్పటికీ ఒక మెట్టు పైనే ఉంది. నూనె రాసి తుడిచే ఓపిక లేనివాళ్లు ఏ పనికైనా మాగ్నాకట్ వైపే వెళ్లడం మంచిది. బ్రాడ్‌ఫర్డ్ గార్డియన్ కత్తులు, మిషిగన్ రాష్ట్రం ఎస్కనాబాలోని బార్క్ రివర్ కత్తులు ఈ రెండు స్టీల్స్‌లోనూ వస్తాయి. ఒకే మోడల్‌ను రెండు స్టీల్స్‌లో పక్కపక్కన పోల్చుకోవాలంటే ఇలాంటివి బాగా పనికొస్తాయి.

మిగతా పేర్లు

ఆస్ట్రియా కంపెనీ బోలర్ చేసే ఎం390లో 1.9 శాతం కార్బన్, 20 శాతం క్రోమియం ఉంటాయి. పదును నెలల తరబడి నిలుస్తుంది, తుప్పు పట్టదు. జంతువు చర్మం తీయడానికి, వంటకు, అట్టలు తాళ్లు కోయడానికి చాలా మంచిది. కట్టె చీల్చే పనికి మాత్రం నేను వద్దంటాను. ఇటలీలో కత్తులకు పేరుపడిన మానియాగో ఊళ్లో లయన్‌స్టీల్ చేసే ఎం4 అనే చిన్న వేట కత్తి ఈ స్టీల్‌తోనే వస్తుంది, ఆ పనికి అది సరిగ్గా సరిపోయిన జోడీ. ఎస్90వీ అనే స్టీల్ ఎం390 కంటే ఇంకా పదును నిలిచే వైపే ఉంటుంది. స్వీడన్ స్టీల్ ఎల్మాక్స్ కొంచెం దెబ్బను ఓర్చుకునే వైపు, 1.7 శాతం కార్బన్, 18 శాతం క్రోమియం. ఎస్35వీఎన్ మధ్యస్థం. 2009లో వచ్చింది, ఏ గుణంలోనూ మొదటి స్థానంలో ఉండదు, దేనిలోనూ మరీ వెనకబడదు. తగ్గింపు ధరలో దొరికితే సందేహించకుండా కొనొచ్చు.

చేపలు పట్టేవాళ్లు, పడవ మీద పనిచేసేవాళ్లు ఎల్‌సీ200ఎన్ చూడండి. ఇందులో కార్బన్ 0.3 శాతమే, ఆ లోటును నైట్రోజన్‌తో పూడ్చారు. ఉప్పునీళ్లలో పడేసినా దీని మీద తుప్పు చుక్క కనిపించడం కష్టం. స్పైడెర్కో వాటర్‌వే అనే ఫిక్స్‌డ్ బ్లేడు దీనితోనే వస్తుంది. పదును ఎం390 అంత కాలం నిలవదు, కానీ మళ్లీ పెట్టడం చాలా తేలిక. చేపలు శుభ్రం చేస్తూ మధ్యలో రెండు సార్లు రాయి మీద లాగితే చాలు.

వీజీ-10 గురించి ఒక మాట. ఇది జపాన్ ఫుకుయి ప్రాంతంలోని టకెఫు కంపెనీది, పౌడర్ స్టీల్ కాదు. ఒంటరిగా ఉంటే కాస్త పెళుసే. కానీ స్వీడన్ కంపెనీ ఫాల్‌నివెన్ తన ఎఫ్1 కత్తిలో దీన్ని మధ్యలో పెట్టి, రెండు పక్కలా మెత్తని స్టెయిన్‌లెస్ స్టీల్ అతికించింది. పైగా అంచును బోదెగా, అంటే కుంభాకారంగా దిద్దింది. 1995 నుంచి స్వీడన్ వైమానిక దళం పైలట్ల కిట్‌లో ఉన్న కత్తి అది. స్టీల్ బలహీనతను తయారీతో ఎలా దాటొచ్చో చూడాలంటే అంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

స్టీల్ కంటే ముందు చూడాల్సింది

మా ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టీతో మచ్చుకత్తులు చేస్తాడు. అది స్ప్రింగ్ స్టీల్, కేజీల లెక్కన పాత సామాను కొట్లో దొరుకుతుంది. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ నిప్పుల పక్కన పెట్టి అంచు మీద గడ్డిరంగు తేలగానే తీస్తాడు. ఆ రంగు ఒక్క క్షణం ఆలస్యమైతే నీలంలోకి పోతుంది, అప్పుడు అంచు మెత్తబడుతుంది. చిన్నప్పుడు ఆ కొలిమి దగ్గర కూర్చుని ఆ రంగు మారడం చూసేవాణ్ని. ఇరవై ఏళ్లుగా ఆయన కత్తులతో కొబ్బరికాయలు కొడుతున్నారు, ఒక్కటీ విరగలేదు. పట్టీ ఒకటే, ఇంకొకరి చేతిలో అదే పట్టీ రేకులా వంగిపోతుంది.

పెద్ద కంపెనీల విషయంలోనూ ఇదే జరుగుతుంది. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని బక్ కంపెనీ ఎన్నో ఏళ్లుగా 420హెచ్‌సీ అనే చవక స్టీల్ వాడుతోంది. కానీ పాల్ బాస్ అనే నిపుణుడి పద్ధతిలో దాన్ని గట్టిపరుస్తుంది కాబట్టి ఆ కత్తులు తమ ధరకు మించి పనిచేస్తాయి. ఇటు చూస్తే మాగ్నాకట్ లాంటి స్టీల్‌ని కూడా సరిగా గట్టిపరచకపోతే దానికి పెట్టిన డబ్బు వృథా. దాన్ని మరీ ఎక్కువ వేడి దగ్గర టెంపర్ చేస్తే, అంటే గట్టిపరిచాక మళ్లీ వేడి చేస్తే, తుప్పును ఆపే గుణం కూడా తగ్గుతుంది. అందుకే కొనేముందు బ్లేడు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ అంకె ఎంతో అడగండి. 3వీ అయితే 59 నుంచి 61, మాగ్నాకట్ అయితే 61 నుంచి 63 మధ్య ఉంటే నాకు తృప్తి. ఆ అంకె చెప్పని, చెప్పడానికి ఇష్టపడని వాళ్ల దగ్గర నేను కొనను.

అంచు మందం సంగతి ఇంకా తక్కువ మంది అడుగుతారు. బ్లేడు వెన్ను 5 మిల్లీమీటర్లున్నా ఫర్వాలేదు. అంచు మొదలయ్యే చోట, అంటే మెరిసే సన్నటి గీతకు కాస్త పైన, ఎంత మందం ఉందన్నదే కోతను నిర్ణయిస్తుంది. అక్కడ అర మిల్లీమీటరు దగ్గర ఉంటే కూరగాయలూ కోస్తుంది, కట్టెనూ చీలుస్తుంది. ముప్పావు మిల్లీమీటరు దాటితే ఎంత ఖరీదైన స్టీలైనా గొడ్డలిలా ఉంటుంది. టమాటా నలిగిపోతుంది.

‘సర్జికల్ స్టీల్’, ‘జర్మన్ స్టీల్’, ‘హై కార్బన్ జపనీస్ స్టీల్’ అని మాత్రమే రాసి, గ్రేడు రాయకపోతే ఆ పేజీ మూసేయండి. నిజంగా మంచి స్టీల్ వాడినవాడు ఆ పేరు దాచుకోడు. తక్కువ ధరకు అమ్మే డమాస్కస్ కత్తుల్లో కొన్నింటికి పైన ఉన్న గీతలు లేజర్‌తో ముద్రించినవి. సన్నటి ఇసుక కాగితంతో ఒక మూల రుద్దితే అవి చెరిగిపోతాయి. నిజమైనదైతే రుద్దినచోట మాసినా, ఆమ్లంలో ముంచితే మళ్లీ పైకి వస్తాయి.

సాన పట్టడం మీ వల్ల అవుతుందా?

కొనేటప్పుడు దీన్ని ఎవరూ ఆలోచించరు. ఆరు నెలల తర్వాత అందరికీ ఇదే టెన్షన్. గట్టిదనాన్ని కొలిచే వికర్స్ లెక్కలో మామూలు సానరాయిలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ దాదాపు 2000 దగ్గర ఉంటుంది. క్రోమియం కార్బైడ్లు అంతకంటే మెత్తన. వెనేడియం కార్బైడ్లు 2800 దగ్గర, అంటే రాయి కంటే గట్టివి. మామూలు రాయి మీద ఎస్90వీ లాంటిది గంటసేపు రుద్దినా చుట్టూ ఉన్న ఇనుము అరుగుతుంది గానీ కార్బైడ్లు అలాగే ఉంటాయి. కొన్నాళ్లకు అవి ఊడిపోతాయి, అంచు గరుకుగా మిగులుతుంది. వీటికి డైమండ్ ప్లేట్ కావాలి. గరుకుగా ఉండే 400 గ్రిట్‌ది ఒకటి, నునుపుగా ఉండే 1000 గ్రిట్‌ది ఒకటి ఉంటే ఇంటికి సరిపోతాయి.

ఒక పక్క రుద్దుతూ అవతలి పక్క బొటనవేలితో వెన్ను నుంచి అంచు వైపుకు మెల్లగా నిమిరి చూడండి. అంచు దాటేచోట సన్నటి రెక్క వేలికి గీసుకుంటుంది. పిడి నుంచి మొన దాకా అది ఎక్కడా తెగకుండా తగిలిందంటే ఆ పక్క అయిపోయినట్టే. రెండో పక్క కూడా అలాగే చేసి, చివర పాత తోలు బెల్టు మీద ఓ పదిసార్లు లాగితే ఆ రెక్క ఊడిపోతుంది. 3వీ, మాగ్నాకట్, ఎల్‌సీ200ఎన్ మూడింటికీ ఆ రెక్క శుభ్రంగా ఊడుతుంది. అంచు మీద ఇంతసేపు కూర్చోవడం ఇష్టంలేనివాళ్లు ప్రీమియం స్టీల్ కొనకపోవడమే మేలు. మా బావ కత్తి లాంటి మోరా కంపానియన్, లేదా అదే స్వీడిష్ కంపెనీ 14సీ28ఎన్ స్టీల్‌తో చేసే గార్బెర్గ్ వాళ్లకు హాయిగా ఉంటాయి. గార్బెర్గ్‌లో బ్లేడు లోహం పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉంటుంది, దెబ్బకు బాగా ఆగుతుంది, మామూలు రాయి మీద నిమిషాల్లో పదునెక్కుతుంది. నన్నడిగితే మొదటి ఫిక్స్‌డ్ బ్లేడు అదే అయి ఉండాలి. ఏడాది వాడాక అది ఏ రకంగా పాడైందో చూసుకుని, రెండోది ప్రీమియం స్టీల్‌లో కొనుక్కోండి.

మా ఇంట్లో చివరికి ఏం మిగిలాయి

క్యాంపింగ్‌కి ఇప్పుడు నేను తీసుకెళ్లేది నాలుగంగుళాల మాగ్నాకట్ కత్తి. వానలో కట్టెలు చీల్చాను, అదే కత్తితో ఉల్లిపాయలు తరిగాను. ఇంతవరకు గంటు పడలేదు, మచ్చ పడలేదు. అంచు చిట్లిన పాత కత్తిని అమ్మేయలేదు. డైమండ్ ప్లేటు మీద మూడు రాత్రులు కూర్చుని గంట్లు పోయేదాకా అరగదీశాను. ఇప్పుడది వంటింట్లో ఉంది. మాంసం కోయడానికి దానంత బాగా పనికొచ్చేది ఇంట్లో ఇంకొకటి లేదు.

నాన్నకు ఇంకో మాగ్నాకట్ కత్తి ఇచ్చాను, ఈసారి తోలు ఒర కాకుండా కైడెక్స్ అనే ప్లాస్టిక్ ఒరతో. అరటి జిగురుకు బ్లేడు నల్లబడలేదని ఫోన్లో చెప్పాడు. పాత 3వీ కత్తి ఇప్పుడు ఒరలో లేదు, గోడకు మేకుకు వేలాడుతోంది. వారానికోసారి కొబ్బరినూనె చుక్క వేసి గుడ్డతో తుడుస్తాడు. కొత్త చుక్కలేవీ రాలేదు. కొబ్బరికాయలు కొట్టడానికి మాత్రం ఇప్పటికీ కమ్మరి చేసిన మచ్చుకత్తే. ఆ పనికి అంత బరువు కావాలి, ఏ ప్రీమియం స్టీలూ దాన్ని భర్తీ చేయదు.

ఇండియాకు తీసుకెళ్లేవాళ్లకు రెండు మాటలు. విమానంలో కత్తి చెకిన్ లగేజీలోనే పెట్టాలి, అంచుకు గట్టి తొడుగు వేసి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న బ్లేడులు, ఇంటి పనికో వ్యవసాయానికో పరిశ్రమకో శాస్త్ర అవసరానికో తయారైనవి కాకపోతే, ఆయుధాల జాబితాలోకి వస్తాయి. 4, 5 అంగుళాల కత్తి పనులకు సరిపోతుంది, ఆ కొలతకు దూరంగా కూడా ఉంటుంది. పొలానికి తీసుకెళ్లండి, బస్సులో నడుముకు కట్టుకుని తిరగకండి.

కత్తి ఇంటికి రాగానే దాన్ని దీపం కింద అంచు పైకి ఉండేలా పట్టుకుని పిడి నుంచి మొన దాకా చూడండి. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. ఎక్కడైనా తెల్లటి చుక్క మెరిస్తే అక్కడ మొద్దుగా ఉన్నట్టు, లేదా గంటు ఉన్నట్టు. ఫ్యాక్టరీలో మెషీన్ మీద పదును పెట్టేటప్పుడు ఒక్కోసారి అంచు వేడెక్కి పైపొర మెత్తబడుతుంది, అందుకని మొదటి వారంలో పదును త్వరగా పోయినా కంగారు పడొద్దు. రెండు మూడు సార్లు మీరే సాన పట్టి ఆ పొర పోయాక చూడండి. అప్పటికీ అంచు మడత పడుతుంటే, చిట్లుతుంటే ఫొటో తీసి కంపెనీకి పంపి వెనక్కి ఇచ్చేయండి. మంచి కంపెనీలు మార్చి ఇస్తాయి.